డప్పు మీద చట్టం: పోర్ట్ ఆఫ్ స్పెయిన్



సముద్రం అవతలి నగరాల గురించి రాస్తున్న ఈ వరుసలో ఇవాళ్టిది పోర్ట్ ఆఫ్ స్పెయిన్. కరీబియన్ దీవుల్లో దక్షిణాన, వెనిజులా తీరానికి ఆనుకున్నట్టుండే ట్రినిడాడ్ అండ్ టొబాగో దేశానికి రాజధాని. మనలో చాలామందికి ఈ పేరు క్రికెట్ వల్లే తెలుసు. 1971లో గవాస్కర్ మొదటి టెస్ట్ ఆడిందీ, వెస్టిండీస్ మీద ఇండియా మొట్టమొదటిసారి టెస్ట్ గెలిచిందీ, 1976లో నాలుగో ఇన్నింగ్స్‌లో 403 పరుగుల లక్ష్యాన్ని అందుకుని గెలిచిందీ ఆ ఊళ్ళోని క్వీన్స్ పార్క్ ఓవల్‌లోనే. క్రికెట్ దగ్గరికి మళ్ళీ వస్తాను.

ఇప్పుడు యూట్యూబ్‌లో ఆ ఊరి పేరు కొట్టి చూడండి. కార్నివాల్ వస్తుంది. ఈకలు, పూసలు, రంగులు, ఇనప పీపాల లోంచి వచ్చే తియ్యటి సంగీతం. ప్రపంచమంతా టికెట్ కొనుక్కుని చూసే పండుగ అది. ఇంత పేరు తెచ్చిన ఆ సంగీతం పుట్టిందే డప్పు కొట్టొద్దని చట్టం చేసినందువల్ల. 1884లో, ఒకే సంవత్సరంలో, ఆ చిన్న దీవి మీద బ్రిటిష్ ప్రభుత్వం రెండు డప్పుల గొంతు నొక్కింది. ఒకటి ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళది. రెండోది మన దేశం నుంచి కూలీలుగా తీసుకుపోయినవాళ్ళది. ఈ రెండు డప్పుల కథే నేను చెప్పాలనుకుంటున్నది.

మొదట భూమి సంగతి. ఎక్కడైనా అంతే కదా, భూమి ఎవరికి రాసిచ్చారో చూస్తే మిగతా చరిత్ర సగం అర్థమవుతుంది. అక్కడ ముందు ఉన్నది ఆదివాసీలు. స్పెయిన్ వాళ్ళు వచ్చి దీవిని ఆక్రమించారు. 1757లో గవర్నర్ తన మకాం సెయింట్ జోసెఫ్ నుంచి ఈ రేవు ఊరికి మార్చాడు. 1783లో స్పెయిన్ రాజు ఒక ఫర్మానా ఇచ్చాడు: కాథలిక్కులైన విదేశీయులు ఎవరైనా వచ్చి స్థిరపడొచ్చు, ఉచితంగా భూమి ఇస్తాం అని. తెల్లవాడికి తలకి సుమారు 30 ఎకరాలు. బానిస కాని నల్లవాడికీ, మిశ్రమ జాతివాడికీ అందులో సగం. వెంట తెచ్చుకున్న ఒక్కో బానిసకి లెక్కగట్టి యజమానికి ఇంకొంత. అంటే మనిషి మెడలో గొలుసు వేసి తెస్తే, ఆ గొలుసుకి కూడా భూమి పట్టా. చుట్టుపక్కల ఫ్రెంచ్ దీవుల తోటల యజమానులు బానిసలతో సహా దిగిపోయారు. 1797లో బ్రిటిష్ వాళ్ళు దీవిని పట్టుకున్నారు గానీ ఊళ్ళో చాలాకాలం వినపడింది ఫ్రెంచ్ యాసే.

స్పెయిన్ ఆఖరి గవర్నర్ చకోన్ చేసిన పని ఒకటి నాకు మనసులో పట్టుకుపోయింది. ఊరి మధ్యలోంచి పారే సెయింట్ ఆన్స్ నదిని 1787లో తూర్పుకి, లావెంటిల్ కొండల పాదాల దగ్గరికి మళ్ళించాడు. వరద తప్పించి ఊరు పెంచుకోవడానికే. కానీ ఆ కాలవ తర్వాత సరిహద్దు అయిపోయింది. ఏడాదిలో ఎక్కువ రోజులు నీళ్ళుండవు కాబట్టి జనం దాన్ని డ్రై రివర్ అంటారు. దానికి పడమర ఊరు. తూర్పున కొండ మీద నల్లవాళ్ళ గుడిసెలు. మన పల్లెల్లో ఊరికీ వాడకీ మధ్య ఒక డొంకో వాగో ఉంటుంది చూడండి, అదీ లెక్క. ఎవరూ గోడ కట్టరు. అందరికీ తెలుసు ఎక్కడిదాకా ఊరో.

1834 ఆగస్టు 1న బానిసత్వం రద్దయింది. బానిసల యజమానులకి నష్టపరిహారంగా బ్రిటన్ 2 కోట్ల పౌండ్లు పంచింది. బానిసలకి పైసా లేదు. పైగా ఇంకో ఆరేళ్ళు 'అప్రెంటిస్' పేరుతో అదే యజమాని దగ్గర పని చెయ్యాలట! ఆ రోజే పోర్ట్ ఆఫ్ స్పెయిన్ గవర్నమెంట్ హౌస్ ముందు ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు గుమిగూడి "ఆరేళ్ళు వద్దు" అని తమ యాస ఫ్రెంచ్‌లో అరిచారు. గవర్నర్ ఎంత నచ్చజెప్పినా వినలేదు. కొందరిని జైల్లో పెట్టారు, కొరడాలతో కొట్టారు. అయినా మర్నాడూ వచ్చారు. చివరికి ఆరేళ్ళు కాదు, నాలుగేళ్ళకే, 1838 ఆగస్టు 1న పూర్తి విడుదల వచ్చింది. ఎవరో దయతలచి ఇచ్చారని పుస్తకాల్లో రాసే ప్రతి స్వేచ్ఛ వెనకా ఇలా ఎండలో నిలబడినవాళ్ళు ఉంటారు.

విడుదలైనవాళ్ళు తోటలు వదిలి పట్నానికి వచ్చారు. ఇరుకు పెరళ్ళలో, వరస గదుల్లో, ఒక్క కుళాయి చుట్టూ పదుల కుటుంబాలు. వాటిని బారక్ యార్డులంటారు. కార్నివాల్‌కి కొత్త ప్రాణం పోసింది ఆ పెరళ్ళే. అంతకుముందు అది ఫ్రెంచ్ దొరల ముసుగు పండుగ. వాళ్ళ ఇళ్ళలో విందు, గుర్రబ్బండ్లలో షికారు. దొరలు తమాషాకి తోటకూలీ వేషం కూడా వేసేవాళ్ళు. బానిసలకి దానిలో చోటు లేదు. చెరకు తోటలో మంట రేగితే మాత్రం రాత్రికి రాత్రి కొరడా దెబ్బల మధ్య కాగడాలు పట్టుకుని ఆర్పడానికి తోలేవాళ్ళు. ఫ్రెంచ్‌లో దాన్ని కాల్చిన చెరకు అనే అర్థం వచ్చే మాటతో పిలిచేవాళ్ళు. జనం నోట్లో అది 'కాంబులే' అయింది. స్వేచ్ఛ వచ్చాక జనం ఆ అవమానాన్నే పండుగ చేసుకున్నారు. అర్ధరాత్రి కాగడాలు, డప్పులు, కర్రసాము, పాట. వీధి వాళ్ళది అయిపోయింది.

పెద్దమనుషులకి ఒళ్ళు మండింది. ఆ జనానికి 'జామెట్' అని పేరు పెట్టారు. వృత్తాన్ని రెండుగా కోసే గీత ఉంటుందే, వ్యాసరేఖ, ఆ ఫ్రెంచ్ మాట నుంచి వచ్చిందంటారు. మర్యాద గీతకి కింద ఉన్నవాళ్ళని అర్థం. గీత కిందివాళ్ళు! మనకి అనువాదం అక్కర్లేని మాట. పత్రికల్లో రాసిందీ మనకి తెలిసిన భాషే: అసభ్యం, గోల, తాగుబోతులు, ఆడవాళ్ళకి సిగ్గులేదు.

1881 కార్నివాల్‌కి కెప్టెన్ బేకర్ అనే పోలీసు అధికారి కాంబులేని అణచివెయ్యడానికి దిగాడు. జనం ముందే సిద్ధంగా ఉన్నారు. వీధి దీపాలు ఆర్పేశారు. వేర్వేరు పేటల కర్రసాము జట్లు, మామూలుగా ఒకదానితో ఒకటి తన్నుకునేవి, ఆ రాత్రి ఒక్కటయ్యాయి. పోలీసులు బాగా దెబ్బలు తిన్నారు. మర్నాడు గవర్నర్ ఫ్రీలింగ్ స్వయంగా వచ్చి జనంతో మాట్లాడి, పోలీసుల్ని బారకాసుల్లోనే ఉంచుతానని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ ఓటమిని ప్రభుత్వం మర్చిపోలేదు. మూడేళ్ళకి, 1884లో, శాంతి పరిరక్షణ ఆర్డినెన్స్ తెచ్చింది. కాగడాలు పట్టుకోవడం, డప్పు కొట్టడం, కర్రలతో పదిమంది గుమిగూడడం నిషేధించే అధికారం అందులో ఉంది. శాంతి అనే మాట ఏ చట్టం పేరులో కనపడినా నేను ఒకటికి రెండుసార్లు చదువుతాను.

ఇక రెండో డప్పు. నల్లవాళ్ళు కూలి పెంచమని అడుగుతున్నారు కాబట్టి, వాళ్ళ బేరాన్ని విరగ్గొట్టడానికి తోటల యజమానులు ఇండియా వైపు చూశారు. 1845 మే 30న ఫతే రజాక్ అనే ఓడ కలకత్తా నుంచి రెండు వందల పైచిలుకు మందితో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ రేవుకి చేరింది. 1917లో ఈ పద్ధతి ఆగేదాకా లక్షా నలభై వేలకు పైగా మనుషులు ఐదేళ్ళ ఒప్పందాల మీద వెళ్ళారు. ఎక్కువమంది బీహార్, ఉత్తరప్రదేశ్ ప్రాంతాలవాళ్ళు. కొన్ని ఓడలు మద్రాసు నుంచి వెళ్ళాయి. వాటిలో తమిళులతో పాటు తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్కడ అందరికీ కలిపి ఒకటే పేరు, మద్రాసీలు. ఎమిగ్రేషన్ పాసు మీద పేరు, తండ్రి పేరు, ఊరు, వయసుతో పాటు కులానికీ ఒక గడి. ఓడెక్కేముందు అడిగిన ఆఖరి ప్రశ్నల్లో అదొకటి.

దీవి మీద వాళ్ళకి తోట దాటితే పాసు కావాలి. పాసు లేకుండా రోడ్డు మీద కనపడితే జైలు. అందుకని ఏడాదికి ఒకసారి మొహర్రంకి తాజియాలు కట్టి, తాసా డప్పులు కొడుతూ రోడ్డెక్కడం అంటే వాళ్ళకి ఎంత పెద్ద సంగతో ఊహించండి. 'హుస్సేన్' అనే పిలుపు వాళ్ళ నోట్లో 'హొసే' అయింది. మన తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగ ఎలాగో అదీ అలాగే: ముస్లింల పండుగే గానీ హిందూ కూలీలూ ఎత్తుకునేవాళ్ళు, నల్లవాళ్ళు కొందరు వచ్చి డప్పు పట్టేవాళ్ళు. 1884లో ప్రభుత్వం ఈ ఊరేగింపులు పట్నాల్లోకి, పెద్ద రోడ్ల మీదికి రాకూడదని హుకుం ఇచ్చింది. కూలీలు అర్జీ పెట్టుకున్నారు. పట్టించుకోలేదు. అక్టోబర్ 30న రాజధానికి దక్షిణాన శాన్ ఫెర్నాండో పట్నం పొలిమేరల్లో, తాజియాలు మోసుకొస్తున్న జనం మీద పోలీసులు, సైనికులు కాల్పులు జరిపారు. చనిపోయినవాళ్ళు 16 మందికి తక్కువ కాదు. గాయపడినవాళ్ళు వందకు పైన. విచారణకి జమైకా గవర్నర్ సర్ హెన్రీ నార్మన్‌ని పంపారు. 1857 తిరుగుబాటులో ఢిల్లీ ముట్టడిలో బ్రిటిష్ వైపు పోరాడిన సైనికాధికారి ఆయన. కాల్పులు సబబే అని తేల్చాడు. ఇంకేం తేలుస్తాడు!

రెండు డప్పులూ ఒకే ఏడాది ఆగాయి. కానీ అవి కొట్టేవాళ్ళు ఒక్కటి కాలేదు. కూలి తగ్గించడానికి వచ్చినవాళ్ళని నల్లవాళ్ళు ఇండియన్లని చూశారు. బానిసల పిల్లలని ఇండియన్లు నల్లవాళ్ళని చూశారు. కులం ఓడలో సగం కరిగిపోయింది గానీ, రంగు మీద చిన్నచూపు కరగలేదు. ఆ చిన్నచూపు ఎక్కడ నేర్చుకున్నదో నేను వేరే చెప్పాలా?

తోలు డప్పు వద్దంటే జనం వెదురు పట్టుకున్నారు. వేర్వేరు పొడవుల్లో కోసిన వెదురు బొంగుల్ని నేలకేసి దంచుతూ, ఒకదానితో ఒకటి కొడుతూ మోత పుట్టించారు. దాని పేరు టాంబూ బాంబూ. తోలు డప్పు గురించి రాసిన చట్టం వెదురు గురించి చెప్పలేదు మరి! బొంగులు పగిలిపోతుంటే, పోలీసులు వాటినీ ఆపుతుంటే, 1930ల్లో కుర్రాళ్ళు చేతికందిన ప్రతి ఇనప వస్తువూ పట్టుకున్నారు. బిస్కెట్ డబ్బాలు, చెత్తబుట్ట మూతలు, పాత మోటారు బళ్ళ బ్రేక్ డ్రమ్ములు. ట్రినిడాడ్‌లో చమురు దొరుకుతుంది. 1941 నుంచి అమెరికా సైనిక స్థావరం కూడా వచ్చింది. 55 గాలన్ల ఖాళీ చమురు పీపాలకి కొదవ లేదు.

డబ్బా మీద ఎక్కడ సొట్ట పడితే అక్కడ వేరే స్వరం పలుకుతోందని ఎవరో కనిపెట్టారు. ఆ 'ఎవరో' ఎవరని అక్కడ ఇప్పటికీ వాదించుకుంటారు. లావెంటిల్ వైపు నుంచి స్ప్రీ సైమన్ పేరు చెబుతారు. పడమటి పేటలవాళ్ళు ఎల్లీ మానెట్ అంటారు. పీపా అడుగుని పైకి ఉబ్బించడం కాదు, లోపలికి గిన్నెలా దించాలని చూపించినవాడు మానెట్. స్వరాలని సాలెగూడు ఆకారంలో ఒక క్రమంలో పేర్చినవాడు ఆంథొనీ విలియమ్స్. వీళ్ళెవరూ సంగీత పాఠశాలలో చదివినవాళ్ళు కాదు. సుత్తితో దించి, మేకుతో గీత కొట్టి, నిప్పు మీద కాల్చి, చెవితో సరిచూసుకుంటూ చేశారు. 20వ శతాబ్దంలో పుట్టిన గొప్ప వాద్యాల్లో ఒకటి, విద్యుత్తు అక్కర్లేనిది, ఆ పెరళ్ళలోంచి వచ్చింది.

యుద్ధకాలంలో కార్నివాల్ నిషేధించారు. 1945లో యుద్ధం అయిపోయిన రోజున ఈ ఇనప వాద్యాలు వీధుల్ని ముంచెత్తాయి. అయినా పాన్ కొట్టేవాడంటే రౌడీ అనే మాట. మంచి ఇళ్ళ పిల్లలు పాన్ యార్డు గడప తొక్కితే తన్నేవాళ్ళు. 1951లో టాస్పో అనే పాన్ బృందం లండన్‌లో జరిగిన ఫెస్టివల్ ఆఫ్ బ్రిటన్‌కి వెళ్ళి వాయించాక, తెల్లవాళ్ళు చప్పట్లు కొట్టాక, ఊళ్ళోవాళ్ళ చెవులు తెరుచుకున్నాయి. డప్పుని ఢిల్లీ రిపబ్లిక్ డే పెరేడ్‌లో చూసి మురిసిపోయి, అదే డప్పు కొట్టే మనిషిని ఊళ్ళో అరుగు కింద నిలబెట్టేవాళ్ళు మనకీ తెలుసు.

దేవుణ్ణి పిలిచే గొంతుని కూడా వదల్లేదు. ఆఫ్రికా పద్ధతిలో గంట కొట్టి, చప్పట్లతో, కేకలతో ప్రార్థన చేసే షౌటర్ బాప్టిస్టుల ఆరాధనని 1917 నుంచి 1951 దాకా చట్టం నిషేధించింది. ఇప్పుడు మార్చి 30 వాళ్ళ పేరు మీద జాతీయ సెలవు. ఆగస్టు 1 విమోచన దినం సెలవైంది 1985లో. అప్పటిదాకా ఆగస్టులో కొలంబస్ 'కనిపెట్టిన' రోజుకి సెలవు ఇచ్చేవాళ్ళు.

క్రికెట్ దగ్గరికి వస్తానన్నాను. ఆ దీవివాళ్ళలో నాకు బాగా ఇష్టమైన రచయిత సి.ఎల్.ఆర్. జేమ్స్. హైతీ బానిసల విప్లవాన్ని 'ది బ్లాక్ జాకోబిన్స్' పేరుతో రాసినవాడు. 1963లో వచ్చిన ఆయన 'బియాండ్ ఎ బౌండరీ'లో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ క్లబ్బుల వరస చెబుతాడు. తెల్ల ధనికులకి క్వీన్స్ పార్క్. కాథలిక్ తెల్లవాళ్ళకి షామ్‌రాక్. లేత రంగు మధ్యతరగతికి మేపుల్. నల్ల టీచర్లు, గుమస్తాలకి షానన్. చేతిపని చేసేవాళ్ళకి స్టింగో. ఒకే మైదానంలో ఐదు మెట్లు! జేమ్స్ నల్లవాడే. చదువుకున్నవాడు కాబట్టి మేపుల్ వాళ్ళు రానిచ్చారు, ఆయన చేరాడు. షానన్‌లో చేరకపోవడం వల్ల తన రాజకీయ ఎదుగుదల ఏళ్ళ తరబడి వెనకబడిందని తర్వాత తనే రాసుకున్నాడు. చదువుకుని ఒక మెట్టు పైకి రానిచ్చిన ప్రతి దళిత విద్యార్థీ ఆ పేజీలు చదవాలి. నల్లవాణ్ణి కెప్టెన్ చెయ్యాలని అదే జేమ్స్ తన పత్రికలో పోరాడాక, 1960-61 ఆస్ట్రేలియా పర్యటనకి ఫ్రాంక్ వారెల్ కెప్టెన్ అయ్యాడు. మన పల్వంకర్ బాలూకి ఆ భాగ్యం దక్కలేదు.

ఊరి నడిబొడ్డున వుడ్‌ఫర్డ్ స్క్వేర్ ఉంది. బ్రిటిష్ గవర్నర్ పేరు మీద ఉన్న పార్కు. దాని ఎదురుగా ఎర్రటి పార్లమెంటు భవనం రెడ్ హౌస్. 1903లో నీటి పన్ను గొడవలో జనం దాన్ని తగలబెట్టారు. పోలీసు కాల్పుల్లో 16 మంది పోయారు. 1955లో ఎరిక్ విలియమ్స్ ఈ పార్కులో రాత్రిళ్ళు వేలమందికి చరిత్ర పాఠాలు చెప్పాడు. బానిసల చెమటతో బ్రిటన్ పెట్టుబడి ఎలా పెరిగిందో 'క్యాపిటలిజం అండ్ స్లేవరీ'లో రాసిన పండితుడాయన. ఆ పార్కుని వుడ్‌ఫర్డ్ స్క్వేర్ యూనివర్సిటీ అనేవాళ్ళు. ఫీజు లేదు, ఎంట్రన్స్ లేదు. 1962లో స్వాతంత్ర్యం వచ్చింది, ఆయనే ప్రధాని.

ఎనిమిదేళ్ళకి అదే పార్కు ఆయన మీదే తిరగబడింది. జెండా మారింది గానీ బ్యాంకులు, చెరకు, చమురు తెల్లవాళ్ళ చేతుల్లోనే ఉన్నాయి. 1970 ఫిబ్రవరి 26న విద్యార్థులు, నిరుద్యోగులు కెనడా బ్యాంకు ముందు ఊరేగి, కాథలిక్ కథీడ్రల్ లోపలికి నడిచారు. వుడ్‌ఫర్డ్ స్క్వేర్‌కి ప్రజా పార్లమెంటు అని పేరు మార్చారు. మార్చి 12న, నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యమైన రోజు, పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నల్ల యువకులు వేలమంది ఇండియన్ కూలీలున్న కరోనీ చెరకు తోటల వైపు కాలినడకన బయల్దేరారు. బ్యానర్ మీద ఉన్నది ఇండియన్లు, ఆఫ్రికన్లు ఏకం కావాలని. 1884 తర్వాత 86 ఏళ్ళకి. దారిలో ఇండియన్ కుటుంబాలు కొన్ని నీళ్ళిచ్చాయి. కొన్ని తలుపులేసుకున్నాయి. ఏప్రిల్‌లో చెరకు కార్మికులూ సమ్మెకి దిగారు. రెండు జనాలూ కలుస్తున్నాయనగానే, ఏప్రిల్ 21న అత్యవసర పరిస్థితి, నాయకుల అరెస్టులు. సైన్యంలో ఒక భాగం తిరగబడింది, అదీ అణగిపోయింది.

ఈ ఉద్యమానికి పేరిచ్చిన 'బ్లాక్ పవర్' నినాదాన్ని 1966లో అమెరికాలో మారుమోగించిన స్టోక్లీ కార్మైకేల్ పుట్టింది పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోనే, 1941లో. సొంత ఊరి ప్రభుత్వమే ఆయన్ని అడుగు పెట్టనివ్వకుండా నిషేధించింది. ఆయన కొంతకాలం పనిచేసిన బ్లాక్ పాంథర్ పార్టీ పేరు చూసే 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పుట్టింది. ఆ ఊరికీ మనకీ ఉన్న చుట్టరికం అది. లండన్‌లో చదువుకుంటున్న తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, క్లాడియా జోన్స్ పేరు కూడా గుర్తుపెట్టుకోండి. 1915లో అదే ఊళ్ళో పుట్టిన కమ్యూనిస్టు. నాటింగ్ హిల్‌లో నల్లవాళ్ళ మీద దాడుల తర్వాత, 1959 జనవరిలో లండన్‌లో కరీబియన్ కార్నివాల్ మొదలుపెట్టింది ఆమే. హైగేట్ శ్మశానంలో మార్క్స్ పక్కన ఉంటుంది.

ఎప్పుడైనా వెళ్ళే వీలు దొరికితే ఏం చూడాలని అడిగారు కొందరు. టూరిస్టు పుస్తకాలు సవానా దగ్గర మొదలుపెడతాయి. పాత చెరకు తోటని 1817లో కొని చేసిన పెద్ద పచ్చిక మైదానం, క్వీన్స్ పార్క్ సవానా. దాని పడమటి అంచున 20వ శతాబ్దం మొదట్లో కట్టిన ఏడు భవంతులు. అందంగానే ఉంటాయి. కోకో డబ్బు, చెరకు డబ్బు. చూడండి, ఎవరి డబ్బో గుర్తుపెట్టుకుని చూడండి. ఆ తర్వాత పడమరన సెయింట్ జేమ్స్ పేటకి వెళ్ళండి. వీధుల పేర్లు కలకత్తా, ఢిల్లీ, మద్రాస్. మొహర్రం రోజుల్లో హొసే అక్కడే జరుగుతుంది, నల్లవాళ్ళూ ఇండియన్లూ కలిసే చూస్తారు. రోడ్డు పక్కన డబుల్స్ తినండి. రెండు మెత్తటి బారాల మధ్య శనగల కూర. మన కూలీల పొయ్యి మీద పుట్టి దేశం మొత్తానికీ పొద్దుటి టిఫిన్ అయింది. కార్నివాల్ శుక్రవారం తెల్లవారక ముందే పికడిల్లీ వీధిలో 1881 కాంబులే పోరాటాన్ని నాటకంగా ఆడతారు. అదొక్కటి చూసి వెనక్కి వచ్చేసినా సగం కార్నివాల్ చూసినట్టే. రాత్రిళ్ళు షార్లెట్ వీధిలో రెనిగేడ్స్, డ్యూక్ వీధిలో ఆల్ స్టార్స్ పాన్ యార్డుల్లో సాధన ఉచితంగా వినొచ్చు. పడవెక్కి నెల్సన్ ఐలండ్‌కి కూడా వెళ్ళండి. ఓడ దిగిన కూలీలని మొదట ఆపింది ఆ చిన్న దీవి మీదే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో కార్మిక నాయకుడు బట్లర్‌ని నిర్బంధించింది, 1970లో ఉద్యమకారుల్ని బంధించింది కూడా అక్కడే.

ఇప్పుడు కార్నివాల్‌లో పెద్ద బ్యాండ్లు తాళ్ళు కట్టుకుని నడుస్తాయి. వేషం కొన్నవాళ్ళు తాడు లోపల. తాడు పట్టుకుని జనాన్ని బయటికి నెట్టే జీతగాళ్ళలో ఎక్కువమంది కొండ మీది పేటల కుర్రాళ్ళు. చమురు కంపెనీ పీపా నుంచి పుట్టిన పాన్ బ్యాండుకి ముందు ఇప్పుడు చమురు కంపెనీ పేరే: బీపీ రెనిగేడ్స్. లావెంటిల్ అడ్రసు రాస్తే ఉద్యోగం రాదని పిల్లలు వేరే చుట్టాల అడ్రసు రాసుకుంటారు. తుపాకులు పెరిగిపోయి 2024 డిసెంబర్ 30న మళ్ళీ అత్యవసర పరిస్థితి పెట్టారు. అదే 2024లో దేశ చిహ్నం మీదున్న కొలంబస్ మూడు ఓడల్ని తీసేసి పాన్ బొమ్మ పెట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. మంచి నిర్ణయమే, నేను సంతోషించాను. కానీ లావెంటిల్ కొండ మీద పుట్టిన డెస్పరాడోస్ బ్యాండు, ఆ కాల్పుల భయానికే, సాధన చేసుకోవడానికి కొండ దిగి డ్రై రివర్ దాటి ఊళ్ళోకి రావాల్సి వచ్చింది.

వచ్చే భాగం గయానా రాజధాని జార్జ్‌టౌన్. అక్కడి మద్రాసీల కాళీ గుళ్ళలో ఇవాళ్టికీ మోగే డప్పుని 'తప్పు' అంటారు. దాని సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.